నోరు కట్టుకోలేదన్న నింద ఇక చాలు

మధుమేహం ముదిరి కాలు తీసివేయవలసి వచ్చిన రోగి మంచం చుట్టూ తప్పకుండా వినిపించే మాట ఒకటి ఉంది: "నోరు కట్టుకోలేదు." భార్య కన్నీళ్లతో అంటుంది. కొడుకు కోపంతో అంటాడు. పరామర్శకు వచ్చిన బంధువు జాలితో అంటాడు. చీటీ చేతబట్టుకొని ఎదుట నిలిచిన వైద్యుడు కూడా అంటాడు. ఆ వైద్యులలో నేనూ ఒకణ్ణి. నా వృత్తిజీవితపు తొలి పదిహేనేళ్లలో ఆ మాట ఎన్నిసార్లు అని ఉంటానో లెక్కలేదు. అది అన్యాయమైన మాట అని, అనేక సందర్భాలలో అబద్ధమైన మాట కూడా అని నాకు తెలియజెప్పినవాడు ఒక దర్జీ.

ఆయనకు అప్పటికి యాభై ఎనిమిదేళ్లు. పన్నెండేళ్ల క్రితం చక్కెర వ్యాధి బయటపడిన నాడు వైద్యుడు మాత్రలు రాసిచ్చి, "తీపి మానెయ్యి" అన్నాడట. ఆయన అక్షరాలా మానేశాడు. టీలో చక్కెర లేదు, సంక్రాంతికి అరిసె లేదు, కన్నకూతురి పెళ్లిలో లడ్డూ ముట్టలేదు. మోటారు బిగించిన కుట్టుమిషను ముందు రోజంతా కూర్చుని, మూడు పూటలా కడుపునిండా అన్నం మాత్రం తిన్నాడు. ఒకనాడు కొత్త చెప్పు కరిచింది. కాలిలో స్పర్శ ఏనాడో పోయింది గనుక నొప్పి తెలియలేదు. నొప్పి లేని పుండు పెద్దదేమీ కాదనుకున్నాడు. నా దగ్గరకు వచ్చేసరికి పాదం నల్లబడి ఉంది. మోకాలి కింద వరకు తీసివేయక తప్పలేదు.

శస్త్రచికిత్స అయిన మూడవ రోజున నేను అలవాటు కొద్దీ, "పథ్యం సరిగా చేసి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు కదా" అన్నాను. ఆయన నా ముఖం వైపు చూసి నెమ్మదిగా, "తీపి మానమన్నారు, పన్నెండేళ్లు మానేశాను సార్. అన్నం తగ్గించమని నాకెవరు చెప్పారు?" అన్నాడు. నా వద్ద సమాధానం లేదు.

ఆ ప్రశ్న వెనుక ఉన్న లెక్క చూడండి. చెంచా చక్కెర సుమారు 5 గ్రాములు. రోజుకు మూడు టీలు తాగే మనిషి చక్కెర మానితే తగ్గేది 15 గ్రాములు. 100 గ్రాముల బియ్యంలో సుమారు 78 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. అది జీర్ణమై చివరకు గ్లూకోజ్‌గానే రక్తంలో చేరుతుంది. రోజుకు 300 గ్రాముల బియ్యం వండుకు తినే మనిషి ఒంట్లోకి ఆ దారిన వచ్చే గ్లూకోజ్ 230 గ్రాములకు తక్కువ ఉండదు. అంటే ఆ దర్జీ పన్నెండేళ్లపాటు కిటికీకి గడియ వేసి, సింహద్వారం బార్లా తెరచి ఉంచి, ఇంటికి కాపలా కాశాడన్నమాట. ఆయనకు నిగ్రహం కొరవడలేదు. ఆ నిగ్రహాన్ని ఎక్కడ వినియోగించాలో చెప్పినవారే కరువయ్యారు.

కావున నా వాదం సూటిగా చెబుతాను. రెండవ రకం మధుమేహంలో మాత్ర ఎంత చికిత్సయో, రోగికి కలిగించే అవగాహన కూడా అంత చికిత్స. అవగాహన కలిగించకుండా మందు మాత్రమే రాసి పంపిన వైద్యుడు సగం చికిత్స చేసి పూర్తి రుసుము పుచ్చుకున్నవాడు. ఆపైన వ్యాధి అదుపు తప్పినప్పుడు రోగినే నిందించడం ఆ తప్పు మీద మరొక తప్పు. ఈ మాట నాకూ వర్తిస్తుంది.

టైఫాయిడ్ వచ్చినవానికి ఆ జ్వరం గురించి ఏమీ తెలియకపోయినా సరిగా మందు వేసుకుంటే నయమవుతుంది. మధుమేహం సంగతి అది కాదు. మూడు నెలలకొకసారి వైద్యుని వద్దకు వెళ్లి, ప్రతిసారీ పది నిమిషాలు ఆయన ఎదుట కూర్చునే భాగ్యవంతుడైన రోగికి కూడా ఏడాదికి లభించేది నలభై నిమిషాలే. ఏడాదిలో ఉన్న గంటలు 8,760. ఆ మిగిలిన కాలమంతా ఏమి తినాలో, ఎంత తినాలో, ఎప్పుడు నడవాలో, మాత్ర మరచిపోతే ఏమి చేయాలో నిర్ణయించేది రోగియే. ఈ వ్యాధికి అసలు వైద్యుడు అతడే. అతనికి చదువు చెప్పకుండా వైద్యం అతని చేతిలో పెడుతున్నాము.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన సత్యం కాదు. అమెరికాలోని బోస్టన్ నగరంలో ఇలియట్ జోస్లిన్ అనే వైద్యుడు 1918లోనే, అంటే ఇన్సులిన్ ఇంకా కనుగొనక ముందే, వైద్యునికీ రోగికీ కలిపి చదువుకునేందుకు ఒక మధుమేహ కరదీపిక రాశాడు. చేతిలో చాలినంత మందు లేని ఆ కాలంలో రోగి జ్ఞానమే మందని ఆయన గ్రహించాడు. నేడు మన చేతినిండా మందులున్నాయి. ఆ గ్రహింపే లేదు. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం ప్రకారం మన దేశంలో సుమారు 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది, మరో 13.6 కోట్ల మంది దాని గడప మీద నిలబడి ఉన్నారు. ఇంత మందికి "తీపి మానెయ్యి" అన్న రెండు మాటలు సరిపోతాయా?

రోగికి తప్పక తెలియవలసినవి ఏమిటో చెబుతాను. పెద్ద గ్రంథమేమీ కాదు.

మొదటిది పళ్లెం. "అన్నం మానేసి చపాతీ తింటున్నానండీ, అయినా షుగర్ తగ్గడం లేదు" అని వాపోయే వారు ప్రతి వీధిలోనూ ఉన్నారు. బియ్యంలో నూటికి 78 పాళ్లు పిండిపదార్థం ఉంటే గోధుమపిండిలోనూ రాగులలోనూ 65 నుంచి 70 పాళ్ల వరకు ఉంటుంది. గోధుమలో, రాగిలో పీచు కొంత ఎక్కువ. ఆ మేలు కాదనను. కాని నాలుగైదు చపాతీలు తిన్నవాడు అన్నం తిన్నవాని కన్న ఎంతో దూరం జరగలేదు. రాగులను మెత్తగా పిండి పట్టించి జావ కాచి గ్లాసులకొద్దీ తాగేవారికి గ్లూకోజ్ వేగంగా పెరగడంలో ఆశ్చర్యం లేదు. పిండి మెత్తనైన కొద్దీ, ఉడికిన కొద్దీ త్వరగా జీర్ణమవుతుంది. మన దేశీయుల ఆహారశక్తిలో సుమారు 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నదని 2025లో ప్రకటించిన మరొక జాతీయ అధ్యయనం తేల్చింది. మొత్తం పిండిపదార్థం తగ్గనంతవరకు, బియ్యం స్థానంలో గోధుమనో చిరుధాన్యాన్నో మార్చినంత మాత్రాన ముప్పు తగ్గినట్లు కనిపించలేదని కూడా అది చెప్పింది. కనుక ధాన్యం మార్చడం కన్న పరిమాణం తగ్గించడం ముఖ్యం. పళ్లెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు. పావు వంతు పప్పు, గుడ్డు, చేప వంటి మాంసకృత్తులు. మిగిలిన పావు వంతే అన్నమో, రొట్టెయో. ఈ బొమ్మ ఒక్కటి గీసి చూపడానికి రెండు నిమిషాలు చాలు.

రెండవది నడక. కండరం పనిచేసేటప్పుడు ఇన్సులిన్ సాయం అంతగా లేకుండానే రక్తంలోని గ్లూకోజ్‌ను లోపలికి లాక్కుంటుంది. భోజనం చేసిన తరువాత పావుగంట నడిచినా ఆ పూట పెరగవలసిన చక్కెర కొంత తగ్గుతుంది. "వ్యాయామం చేయండి" అని చీటీ చివర రాస్తే అది ఆచారం. కారణంతో సహా చెబితే, భోజనం కాగానే నిద్రకు ఉపక్రమించే మనిషి కూడా చెప్పులు వేసుకుంటాడు.

మూడవది అంకెలు. పరీక్షకు ముందు రెండు రోజులు పథ్యం చేసి, పరగడుపు చక్కెర 120 చూపించి, "అదుపులో ఉంది డాక్టరు గారూ" అని సంతోషపడే రోగులను వందలాదిగా చూశాను. వారు మోసగించేది తమ మూత్రపిండాలనే. ఎర్రరక్తకణం ఆయుర్దాయం సుమారు 120 రోజులు. దానికి అంటుకున్న గ్లూకోజ్‌ను కొలిచే హెచ్‌బిఏ1సి పరీక్ష గడచిన రెండు మూడు నెలల సగటును చెబుతుంది. రెండు రోజుల పథ్యానికి అది లొంగదు. ఆ అంకె 7 అయితే సగటు చక్కెర సుమారు 154. ఒక్కొక్క అంకె పెరిగితే ఇంచుమించు 29 చొప్పున పెరుగుతుంది. ఈ సంగతి ఎందుకు ముఖ్యమంటే, కొత్తగా వ్యాధి బయటపడిన 3,867 మందిని సగటున పదేళ్లు గమనించి 1998లో ఫలితాలు వెల్లడించిన బ్రిటన్ అధ్యయనంలో ఒక వర్గం వారి హెచ్‌బిఏ1సి 7.0, మరొక వర్గం వారిది 7.9. ఒక్క అంకె కూడా లేని ఆ తేడాకే కళ్లు, మూత్రపిండాలు మొదలైన చోట్ల చిన్న రక్తనాళాల నష్టం 25 శాతం తగ్గింది. తన అంకె తెలియని రోగి గమ్యం తెలియని బాటసారి.

నాలుగవది మందుల మీది భయం. "మాత్రలు వాడితే కిడ్నీలు పోతాయట" అని మాత్రలు ఆపివేసి, అదుపు తప్పిన చక్కెరతోనే మూత్రపిండాలు పోగొట్టుకున్నవారు ఎందరో. ఈ అపోహ పుట్టుక కూడా వివరించాలి. మూత్రపిండాలు దెబ్బతిన్న తరువాత కొన్ని మాత్రల మోతాదు తగ్గించవలసి వస్తుంది, కొన్ని ఆపవలసి వస్తుంది. ఆ ఆపడం చూసిన జనం మాత్రల వల్లనే చెడిందని అనుకుంటారు. ఇన్సులిన్ సంగతీ అంతే. వ్యాధి బయటపడే నాటికే క్లోమగ్రంథిలో ఇన్సులిన్ తయారుచేసే శక్తి సుమారు సగం తగ్గిపోయి ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఇంకా తగ్గుతుంది. అందువల్ల కొందరికి ఇన్సులిన్ అవసరమవుతుంది. అది చేసిన పాపానికి శిక్షగా చూసేలా, "మాట వినకపోతే సూది వేస్తాను" అని బెదిరించిన మేమే ఆ భయాన్ని పెంచి పోషించాము.

ఐదవది అపాయపు గుర్తులు. చెమట, వణుకు, తికమక కలిగి చక్కెర 70 కన్న తగ్గినప్పుడు వెంటనే మూడు చెంచాల చక్కెర నీటిలో కలుపుకొని తాగాలని, పావుగంట ఆగి మళ్లీ చూసుకోవాలని తెలియని రోగి చేతికి ఇన్సులిన్ ఇవ్వడం సాహసం. ప్రతి రాత్రీ పాదాలు చూసుకోవాలని, ఏడాదికొకసారి రెటీనా, మూత్రంలో ఆల్బుమిన్, పాదాల స్పర్శ పరీక్షించుకోవాలని ఆ దర్జీకి ఎవరైనా చెప్పి ఉంటే ఆయన నేడు రెండు కాళ్ల మీద నడుస్తూ ఉండేవాడేమో.

ఇక నా తోటి వైద్యుల అభ్యంతరాలకు వస్తాను. మొదటిది, "చెప్పినా వినరు." ఇందులో కొంత నిజం ఉన్నది, దాచను. బ్రిటన్‌లో కొత్త రోగులకు ఆరు గంటల పాఠం ఒక్కసారి చెప్పి చూసిన అధ్యయనం 2008లో వెలువడింది. ఏడాది తరువాత బరువు కొంత తగ్గింది, పొగతాగడం కొంత తగ్గింది. కాని హెచ్‌బిఏ1సిలో చెప్పుకోదగిన తేడా రాలేదు. దీనిని చూపి, బోధన దండగ అనేవారున్నారు. వారు 2002లో వచ్చిన మరొక విశ్లేషణను కూడా చదవాలి. అనేక అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, బోధన వల్ల హెచ్‌బిఏ1సి తగ్గుతుందని, బోధన ఆగిన కొద్ది నెలలకే ఆ మేలు కరిగిపోతుందని, రోగితో గడిపిన గంటలు పెరిగేకొద్దీ ఫలితం పెరుగుతుందని అందులో తేలింది. అంటే ఒకసారి చెప్పి వదిలేస్తే చాలదు. రక్తపోటు మాత్ర ఒక్కరోజు వేసి, మరునాడు రక్తపోటు పెరిగిందని మాత్రను తిట్టేవారు ఉంటారా? బోధన కూడా రోజువారీ మోతాదులో అందవలసిన మందే.

మనవాళ్లు మారరన్నది మరొక నింద. చెన్నై కేంద్రంగా జరిగి 2006లో వెలువడిన భారతీయ మధుమేహ నివారణ అధ్యయనం చూడండి. మధుమేహపు గడప మీద ఉన్నవారికి ఆహారం, నడక గురించి చెప్పి, నెలనెలా ఫోన్‌లో పలకరించి, ఆరు నెలలకొకసారి కలిసి మాట్లాడారు. వ్యాధిగా మారే ముప్పు 28.5 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్ర ఇచ్చినవారిలో తగ్గింది 26.4 శాతం. మన అన్నం తినే మనుషులే, మన ఎండల్లో తిరిగే మనుషులే మాత్రకు దీటైన ఫలితం సాధించారు. కావలసిందల్లా పలకరించే గొంతు.

రెండవ అభ్యంతరం, "సమయం లేదు." ఇది నిజమే. 67 దేశాలను పోల్చి 2017లో ప్రచురించిన పరిశీలనలో మన దేశంలో ప్రాథమిక వైద్యుడు ఒక రోగికి కేటాయించే సమయం సుమారు రెండు నిమిషాలని తేలింది. కాని బోధన అంతా వైద్యుడే చేయాలని ఎవరన్నారు? శిక్షణ పొందిన నర్సు చేయవచ్చు. పోషకాహార నిపుణురాలు చేయవచ్చు. వారానికొకనాడు ఇరవై మంది రోగులను, వారి ఇళ్లలో వండేవారిని ఒకచోట కూర్చోబెట్టి ఒక గంట మాట్లాడవచ్చు. ప్రతి ఆసుపత్రిలోనూ రక్తం తీసే గది ఉంది, మందులు అమ్మే గది ఉంది. పాఠం చెప్పే గది లేదు. మొదటి రెండింటికీ రాబడి ఉంది. అసలు కారణం అదే గాని సమయం కాదు.

రోగులకు కూడా నాలుగు మాటలు చెప్పకపోతే నేను పక్షపాతినవుతాను. వైద్యుడు చెప్పనప్పుడు ఆ ఖాళీని వాట్సాప్ నింపుతున్నది. నలభై రోజుల్లో చక్కెర వ్యాధి మాయం, ఒక్క పొడితో ఇన్సులిన్ బంద్ అనే ప్రకటనలకు వేలు పోసేవారు నూరు రూపాయల కూరగాయలకు వెనుకాడుతున్నారు. వ్యాధి వెనుకకు మళ్లడం పూర్తిగా కల్ల కాదు. బ్రిటన్‌లో 2017లో వెల్లడైన ఒక అధ్యయనంలో, వ్యాధి బయటపడి ఆరేళ్లు దాటని, ఇన్సులిన్ వాడని రోగులు వైద్య పర్యవేక్షణలో బరువు తగ్గించుకుంటే, ఏడాదికి 46 శాతం మందికి మందులు లేకుండానే చక్కెర మధుమేహ స్థాయికి దిగువకు వచ్చింది. 15 కిలోలు, అంతకు మించి తగ్గినవారిలో 86 శాతం మందికి ఈ మేలు జరిగింది. అది క్రమశిక్షణతో, పర్యవేక్షణతో జరిగింది. ఏ పొడితోనూ జరగలేదు. చక్కెర సాధారణ స్థాయికి రాగానే మీకు మీరే మాత్ర ఆపివేయడం మాత్రం గొడుగు వల్ల తడవలేదని తెలిసి వానలో గొడుగు పారవేయడం వంటిది.

ఇంకొక విషయం. మన ఇళ్లలో పాఠం విన్నవాడు ఒకరు, వండేవారు ఒకరు. భర్తకు చెప్పిన పథ్యం వంటింటికి చేరదు. భార్యకు వ్యాధి వస్తే మరీ కష్టం. అందరికీ వండిపెట్టి, మిగిలిన అన్నం పారవేయలేక తాను తిని, నడకకు తీరిక లేక ఆమె మౌనంగా నష్టపోతుంది. కావున బోధన ఇంటికి మొత్తం జరగాలి. అలాగే రేషన్ బియ్యం మీద బతికే కుటుంబానికి పళ్లెం సగం కూరగాయలతో నింపమని చెప్పి చేతులు దులుపుకోవడమూ న్యాయం కాదు. ఆ ఇంటికి తోటకూర, మునగాకు, పెసలు, ఉలవలు, గుడ్డు వంటి అందుబాటు దారులు చూపాలి. చవకగా పప్పులు అందించే బాధ్యత ప్రభుత్వానిది.

పాఠకులారా, ఈసారి వైద్యుని వద్దకు వెళ్లినప్పుడు ఈ ప్రశ్నలు కాగితం మీద రాసుకొని వెళ్లండి. నా హెచ్‌బిఏ1సి ఎంత, ఎంత ఉండాలి? నేను రోజూ తినే తిండిలో ఏది ఎంత తగ్గించాలి? ఈ మాత్ర ఏ పని చేస్తుంది, మరచిపోతే ఏమి చేయాలి? చక్కెర పడిపోతే ఎలా గుర్తించాలి? నా కళ్లు, మూత్రపిండాలు, పాదాలు చివరిసారి ఎప్పుడు పరీక్షించారు? విసుక్కుంటే విసుక్కోనివ్వండి. రుసుము చెల్లించినది చీటీకి మాత్రమే కాదు, ఈ సమాధానాలకు కూడా.

వైద్య మిత్రులారా, రోగిని గది దాటి పంపేముందు, "నేను చెప్పినది ఒకసారి తిరిగి చెప్పండి" అని అడగండి. అతడు తడబడితే ఆ లోపం మన బోధనది. ఆ తడబాటును ఆ రోజే సరిదిద్దితే, పన్నెండేళ్ల తరువాత మరొక దర్జీ మంచం పక్కన నిలబడి తలదించుకోవలసిన అవసరం మీకు రాదు. ఆనాడు నేను దించిన తల ఆ ప్రశ్న గుర్తుకొచ్చినప్పుడల్లా ఇప్పటికీ దిగుతూనే ఉంది.